పాత ఇటాలియన్ క్రోమ్, గాజు ఫర్నిచర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్‌లో ఎక్కడో ఒక మెరిసే టేబుల్ ఫోటో చూస్తారు. కింద క్రోమ్ కాళ్లు, పైన పొగ రంగు గాజు, పక్కన నాలుగంకెల యూరోల ధర. అక్కడి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. 'ఇందులో అంత ఏముంది?' నుంచి 'తుప్పు పడితే ఎలా?' వరకు అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటే అన్నిటినీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లిపోవచ్చు. ఇక్కడ 'పాత' అంటే 1930ల నుంచి 1980ల వరకు అని అర్థం. అందులోనూ ఎక్కువ మాటలు 1965 నుంచి 1980 మధ్య వచ్చిన వస్తువుల గురించే.

## చూడగానే వచ్చే సందేహాలు

స్టీలు పైపులు, గాజు పలకలే కదా. ఇందులో అంత అందం ఏముంది?

అందం అతుకులో ఉంది. చెక్క సామానులో అతుకును దాచేయొచ్చు. జిగురు, మేకు, పైన పాలిష్ పడితే లోపల ఏముందో ఎవరికీ కనబడదు. గాజు పలకను లోహపు కాళ్ల మీద పెట్టినప్పుడు ఆ వీలు ఉండదు. పైనుంచి చూసినా కింద ఉన్నదంతా తెలుస్తుంది. గాజును ఎక్కడ పట్టుకున్నారు, బోల్టు తల ఎంత ఉంది, మూల ఎలా తిరిగింది, వెల్డింగ్ ఎంత నున్నగా అరగదీశారు అన్నవి అన్నీ బయటే. అందుకే మంచి ఇటాలియన్ డిజైనర్లు ఆ ఒక్కచోటనే బుర్ర ఎక్కువ పెట్టారు. మీ ముందు ఇలాంటి టేబుల్ ఉంటే మెరుపును వదిలేసి, లోహం గాజును ఎలా పట్టుకుందో చూడండి. మంచిదానికి, మామూలుదానికి తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఇల్లు ఆసుపత్రిలాగో బ్యాంకులాగో కనిపించదా?

గదంతా ఇదే నింపితే కచ్చితంగా అలాగే కనిపిస్తుంది. ఉక్కు పైపుల కుర్చీలు యూరప్‌లో కొత్తగా వచ్చినప్పుడే ఈ విమర్శ వినిపించింది. ఇటాలియన్లు దీనికి కనిపెట్టిన మందు, క్రోమ్ పక్కన దానికి పూర్తిగా విరుద్ధమైనదాన్ని పెట్టడం. మందపాటి తోలు, పాలరాయి, ముదురు చెక్క, మెత్తటి బట్ట. మిలాన్‌కు చెందిన డిజైనర్ నాండా వీగో 1971లో చేసిన 'దూఎ ప్యూ' కుర్చీ వీటన్నిటినీ దాటేసింది. క్రోమ్ గొట్టాల చట్రం మీద సీటుకూ వీపుకూ బొచ్చు బట్ట చుట్టిన లావుపాటి చుట్టలు పెట్టింది. కొందరికి నవ్వొస్తుంది. నాకైతే చల్లటి లోహం పట్ల ఆమెకున్న హాస్యం నచ్చుతుంది. మీ ఇంట్లో టేకు సామాను ఉంటే, దాని మధ్య ఒక్క క్రోమ్ టేబుల్ చాలు.

గాజు టేబుల్ పెడితే చిన్న గది పెద్దగా కనిపిస్తుందంటారు. నిజమేనా?

కొంతవరకు నిజం. నేల కనబడుతూ ఉంటుంది కాబట్టి గది నిండిపోయినట్టు అనిపించదు. కానీ టేబుల్ తీసుకునే జాగా మాత్రం తగ్గదు. గాజు అంచు కంటికి ఆనకపోవడంతో మోకాళ్లకు తగిలే అవకాశం కూడా ఎక్కువే.

ఆ పారదర్శకమైన మడత కుర్చీ గాజుదేనా?

కాదు, ప్లాస్టిక్. మీరు చూసింది చాలావరకు జాన్‌కార్లో పిరెట్టి 1967లో కాస్టెల్లి కంపెనీ కోసం చేసిన 'ప్లియా' గానీ, దాని నకలు గానీ అయి ఉంటుంది. ఇందులో గొప్పతనం పారదర్శకతది కాదు, కీలుది. వీపు, సీటు, కాళ్లు మూడూ పక్కనున్న గుండ్రటి బిళ్లల కీలు చుట్టూ తిరిగి ఒకే తలంలోకి వచ్చేస్తాయి. కుర్చీ పలుచగా మడిచి గోడకు తగిలించుకునేంత అవుతుంది. లక్షల్లో అమ్ముడైంది కాబట్టి ఈ రంగంలో తక్కువ ఖర్చుతో అసలైన వస్తువు కావాలంటే మొదట వెతకాల్సింది దీన్నే. పాత సీట్ల మీద సన్నటి గీతలు, కొద్దిగా పసుపు ఛాయ మామూలే. కీలు దగ్గర పగులు ఉంటే మాత్రం వద్దు.

## చరిత్ర గురించి అడిగేవి

ఇటలీలో ఇది ఎప్పుడు మొదలైంది?

1930ల్లో, రెండు వేర్వేరు దారుల్లో.

గాజు దారి మిలాన్‌ది. 1932లో లుయిజి ఫొంటానా, వాస్తుశిల్పి జో పోంటీ కలిసి 'ఫొంటానా ఆర్టే' పెట్టారు. పియెట్రో కియేజా అందులో చేరాడు. అదే ఏడాది కియేజా ఒకే గాజు పలకను రెండు వైపులా కిందికి వంచి టేబుల్ చేశాడు. కాళ్లు లేవు, బోల్టు లేదు, లోహం అసలే లేదు. తొంభై ఏళ్లు దాటినా అది నిన్న గీసినట్టే ఉంటుంది.

లోహం దారి సైకిళ్లది. 1919లో మొదలైన 'కొలుంబస్' అనే మిలాన్ కంపెనీ సైకిల్ ఫ్రేములకు ఉక్కు గొట్టాలు చేసేది. ఆ గొట్టాలతోనే 1930ల్లో కుర్చీలు, బల్లలు కూడా తయారుచేసింది. వాస్తుశిల్పి జుసెప్పె టెరాన్యి కోమో నగరంలో 1932 నుంచి 1936 మధ్య కట్టిన ఫాసిస్టు పార్టీ భవనం కోసం గీసిన ఉక్కు గొట్టాల కుర్చీలు ఈ కాలానివే. ఈ నున్నటి ఆధునికతను అప్పట్లో ముస్సోలినీ పాలన తన గొప్పగా చూపించుకుంది. ఆ కుర్చీల అందం మెచ్చుకుంటూ అవి ఏ గదుల కోసం పుట్టాయో మరిచిపోవడం సరికాదు.

పైపు కుర్చీ జర్మనీలో పుట్టింది కదా, మరి పేరు ఇటలీకి ఎందుకు వచ్చింది?

పుట్టింది జర్మనీలోనే. మార్సెల్ బ్రోయర్ 1925లో బౌహౌస్ అనే డిజైన్ పాఠశాలలో ఉండగా, సైకిల్ హ్యాండిల్ చూసి వంచిన గొట్టాల కుర్చీ చేశాడు. తర్వాత యుద్ధం, వలసలు. ఆ కుర్చీ దాదాపు మరుగున పడింది. 1962లో ఇటలీలోని బొలోన్యాకు చెందిన ఫర్నిచర్ తయారీదారు డీనో గవీనా వెళ్లి బ్రోయర్‌ని ఒప్పించి దాన్ని మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టాడు. మనందరం వాడే 'వాస్సిలీ' అన్న పేరు కూడా గవీనా పెట్టిందే. చిత్రకారుడు వాస్సిలీ కాండిన్‌స్కీకి ఆ కుర్చీ నచ్చిందన్న కథ మీద పెట్టాడు. బ్రోయర్ 1928 నాటి మరో కుర్చీకి అతని కూతురు పేరు మీదుగా 'చెస్కా' అని పేరు వచ్చింది. 1968లో అమెరికా కంపెనీ నోల్ గవీనా సంస్థను కొనేసింది.

ఇదే కాలంలో, పారిస్‌లో పనిచేసిన డిజైనర్లు లె కొర్బ్యూజియె, పియెర్ జానరె, షార్లెట్ పెరియాఁ కలిసి 1928 ప్రాంతంలో గీసిన క్రోమ్ కుర్చీల హక్కులు 1964లో ఇటలీ కంపెనీ కస్సీనాకు వచ్చాయి. అంటే జర్మనీలో, ఫ్రాన్స్‌లో కొద్దిమంది ఇళ్లకే పరిమితమైన వస్తువులను ప్రపంచానికి అందించింది ఇటలీ వర్క్‌షాపులే. మన ఊళ్లలో ఒకప్పుడు వరండాల్లో కనిపించిన, ప్లాస్టిక్ వైరు అల్లిన ఇనుప పైపు కుర్చీలు కూడా ఎక్కడో ఈ వంశానికి చుట్టాలే.

మరి 1970ల్లోనే ఇంత విపరీతంగా ఎందుకు వచ్చాయి?

కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో గాజు ధర గురించి ఎవరూ మాట్లాడరు. పాత పద్ధతిలో పెద్ద నున్నటి గాజు కావాలంటే పలకను రెండువైపులా అరగదీసి పాలిష్ చేయాలి. ఖర్చు, శ్రమ, పగలడం. కరిగిన తగరం మీద గాజును తేలించి సమంగా చేసే ఫ్లోట్ పద్ధతిని ఇంగ్లండ్ కంపెనీ పిల్కింగ్టన్ 1959లో ప్రకటించింది. ఆ తర్వాతి పదేళ్లలో పెద్ద గాజు పలక మామూలు సరుకైపోయింది.

మిగతాది ఇటలీ సొంతం. 1950ల చివర, 60ల మొదట్లో వచ్చిన ఆర్థిక ఊపుతో మధ్యతరగతి చేతిలో డబ్బు ఆడింది. మిలాన్‌కు ఉత్తరాన బ్రియాంజా ప్రాంతంలో చెక్కపని, లోహపు పని, తోలు పని చేసే చిన్న చిన్న కార్ఖానాలు పక్కపక్కనే ఉండేవి. ఒక వాస్తుశిల్పి పొద్దున గీసిన బొమ్మకు సాయంత్రానికి నమూనా చేసి చూపించగల పనివాళ్లు వాళ్లు. పోంటీ 1928లో మొదలుపెట్టిన 'దోముస్' పత్రిక, 1954 నుంచి ఇచ్చిన 'కొంపాస్సో దోరో' డిజైన్ బహుమతి, 1961లో మొదలైన మిలాన్ ఫర్నిచర్ మేళా కలిసి ఈ సరుకును బయటి ప్రపంచానికి చూపించాయి. 1972లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఇటాలియన్ ఇంటి డిజైన్ మీదే పెద్ద ప్రదర్శన పెట్టింది. 1973 చమురు సంక్షోభం ప్లాస్టిక్ ఫర్నిచర్ జోరును దెబ్బతీసింది, క్రోమ్‌కు ఆ ఇబ్బంది అంతగా లేకపోయింది.

కొత్తవాళ్లు ముందుగా చూడాల్సిన వస్తువులు ఏవి?

నా జాబితాలో క్రోమ్ మెరుపు కంటే ఆలోచనకే పెద్దపీట. అందుకే ఇందులో కొన్ని అసలు క్రోమ్‌వే కావు.

అకీల్లె, పియెర్ జాకొమొ కాస్టిల్యోని సోదరుల 'మెజ్జాద్రో' స్టూలు (1957). ట్రాక్టర్ సీటు, వంచిన ఒకే క్రోమ్ పట్టీ, కింద అడ్డంగా చెక్క దుంగ. సీటును పట్టీకి బిగించేది సైకిల్ చక్రానికి వాడే రెక్కల నట్టు. దీన్ని జానొట్టా కంపెనీ 1970ల మొదట్లో గానీ మార్కెట్లోకి తేలేదు. అంతవరకు కొనేవాళ్లు ఉంటారని ఎవరూ అనుకోలేదు కాబోలు.

కార్లో స్కార్పా 'దోజె' టేబుల్ (1968). గవీనా మొదలుపెట్టిన 'సిమోన్' సంస్థ కోసం చేశాడు. బరువైన ఉక్కు దూలాలు, వాటి మీద గాజు. దూలం దూలాన్ని కలిసే ప్రతిచోటా చిన్న ఖాళీ వదిలాడు. వంతెన కింద నిలబడి పైకి చూస్తే ఎలా ఉంటుందో, గాజులోంచి కిందికి చూస్తే అలా ఉంటుంది. స్కార్పా వెనిస్‌వాడు, పక్కనే ఉన్న మురానో దీవి గాజు కొలిమిల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాడు. గాజును ఎక్కడ ముట్టుకోవాలో, ఎక్కడ వదిలేయాలో అతనికి తెలుసు.

గాయె అవులెంటి చక్రాల టేబుల్ (1980). ఫొంటానా ఆర్టే ఫ్యాక్టరీలో గాజు పలకలు మోసే తోపుడు బళ్లు చూసి, ఆ బండి మీది చెక్క స్థానంలో గాజే పెట్టేసింది. మందపాటి పలక, దాని కింద నాలుగు రబ్బరు చక్రాలు, అంతే. పారిస్‌లో పాత రైల్వే స్టేషన్‌ను ఓర్సే మ్యూజియంగా మార్చినప్పుడు లోపలి డిజైన్ చేసింది కూడా ఈమే. 1993లో 'టూర్' పేరుతో సైకిల్ చక్రాల మీద ఇంకో టేబుల్ చేసింది.

చివరగా చీని బోయెరి, తోము కతయనగి కలిసి ఫియామ్ కంపెనీకి 1987లో ఇచ్చిన 'గోస్ట్' కుర్చీ. 12 మి.మీ. గాజు పలకను నీటి ధారతో కోసి, కొలిమిలో మెత్తబరిచి వంచి చేసిన చేతుల కుర్చీ. ఒక్క అతుకూ లేదు, 150 కిలోల బరువు ఆపుతుంది.

అంత బాగుంటే ఫ్యాషన్ ఎందుకు పోయింది?

ఎక్కువై పోయింది. 1970ల చివరికి ప్రతి షోరూములో, ప్రతి డెంటిస్టు వెయిటింగ్ రూములో చవక నకళ్లు చేరాయి. 1981లో మిలాన్‌లో ఎత్తోరె సొత్‌సాస్ బృందం 'మెంఫిస్' పేరుతో రంగురంగుల లామినేట్ సామాను చూపించేసరికి కుర్రవాళ్ల చూపు అటు మళ్లింది.

## కొనేముందు

ఇది క్రోమ్ పూతా, స్టెయిన్‌లెస్ స్టీలా? ఎలా తెలుసుకోవాలి?

వెలుతురులో పెట్టి చూడండి. క్రోమ్‌లో కొద్దిగా నీలి ఛాయ, అద్దంలాంటి స్పష్టత ఉంటాయి. స్టెయిన్‌లెస్ కాస్త బూడిద రంగుగా, మెత్తగా మెరుస్తుంది. నికెల్ మాత్రమే ఉంటే పసుపు ఛాయ. ఫ్రిజ్ మీది అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. గట్టిగా అతుక్కుంటే చాలావరకు లోపల మామూలు ఉక్కు, అంటే క్రోమ్ పూత. అతుక్కోకపోతే స్టెయిన్‌లెస్సో, ఇత్తడి మీద క్రోమో. ఇత్తడి మీద పూత అయితే సంతోషించండి, అది ఎర్రగా తుప్పు పట్టదు.

పెద్ద డిజైనర్ పేరు చెప్పి అమ్ముతున్నారు. నమ్మొచ్చా?

కాగితం చూపించేదాకా నమ్మకండి. 1970ల్లో క్రోమ్, ఇత్తడి కలిపిన టేబుల్ ఏది కనబడినా విల్లీ రిజ్జో అనో, రొమెయో రేగా అనో పేరు తగిలించడం ఆన్‌లైన్ అమ్మకాల్లో అలవాటైపోయింది. నేపుల్స్‌లో పుట్టిన రిజ్జో సినిమా తారల ఫోటోగ్రాఫర్‌గా పారిస్‌లో పేరు తెచ్చుకుని, తర్వాత ఫర్నిచర్ వైపు వచ్చిన మనిషి. ఆ గ్లామర్ కథ కూడా ధరలో కలుస్తుంది. ప్రకటనలో 'ఫలానా వారి శైలిలో', 'ఫలానా వారిదని చెబుతారు' అని ఉంటే, ఆ వస్తువు వారిది కాదనే లెక్కేసుకుని బేరమాడండి.

'మేడిన్ ఇటలీ' స్టిక్కర్ కూడా రుజువు కాదు. చెస్కా కుర్చీకి అనుమతి లేని నకళ్లు ఇటలీలోనే కుప్పలుగా తయారయ్యాయి, వాటికీ ఆ స్టిక్కరే. నకలు కొనడం తప్పేమీ కాదు, నకలు ధరకు కొంటే.

క్రోమ్ మీద చిన్న చుక్కలు ఉన్నాయి. కొనొచ్చా?

గోటితో తడిమి చూడండి. నున్నగా ఉండి గోధుమ రంగు చుక్కలు మాత్రమే కనబడితే అది పైపై తుప్పు, పోతుంది. గరుకుగా గుంతలు పడినా, పొర పొక్కులా లేచినా పోదు. పూత ఎలా ఉంటుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. ఉక్కు మీద చాలాసార్లు రాగి, దాని మీద నికెల్, అన్నిటికంటే పైన క్రోమ్. ఆ క్రోమ్ పొర సాధారణంగా అర మైక్రాన్ కూడా ఉండదు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). ఉక్కును నిజంగా కాపాడేది కింద ఉన్న నికెల్. ఆ నికెల్ పొర పలుచన చేసి డబ్బు మిగుల్చుకున్న చవక తయారీలే మొదట పొక్కుతాయి. గొట్టం అడుగు, వెల్డింగ్ పక్కలు, కాళ్ల చివర్లు తప్పకుండా చూడండి. అమ్మేవాళ్లు ఆ ఫోటోలు పెట్టరు, అడిగి తెప్పించుకోవాలి.

గాజు పగిలిపోయింది, కింది చట్రం మాత్రం బాగుంది. తీసుకోవచ్చా?

చదును గాజైతే నిశ్చింతగా తీసుకోండి. ధర తగ్గుతుంది, రవాణా కూడా తేలిక. గాజు బరువు లెక్క సులువు: చదరపు మీటరుకు, ప్రతి మి.మీ. మందానికి రెండున్నర కిలోలు. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 12 మి.మీ. మందం ఉన్న డైనింగ్ టేబుల్ గాజు ఒక్కటే 60 కిలోలు. అంత బరువును సముద్రం దాటించడం కంటే ఇక్కడే చేయించుకోవడం మేలు. పొగ రంగు బూడిద, బ్రాంజ్ గాజు మన ఊళ్లలోని పెద్ద గాజు షాపుల్లో దొరుకుతుంది. టఫెన్డ్ గాజు (వేడిచేసి గట్టిపరిచినది) చేయిస్తే రంధ్రాలు, మూలల గుండ్రం, అంచు పాలిష్ అన్నీ ముందే చెప్పాలి. ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కోయడం, రంధ్రం వేయడం కుదరదు.

వంచిన గాజైతే మాత్రం వద్దు. గాజే ఆ వస్తువు.

ఇటలీ నుంచి తెప్పిస్తే యాంటిక్ కింద కస్టమ్స్ తగ్గుతుందా?

తగ్గదు. కస్టమ్స్ లెక్కలో యాంటిక్ అంటే 100 ఏళ్లు దాటినది. 1970ల టేబుల్ మామూలు ఫర్నిచర్ కిందికే వస్తుంది. వస్తువు ధరకు రవాణా, బీమా, సుంకం, పన్ను కలిపి మొత్తం ఎంతవుతుందో ఏజెంటుతో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

## ఇంటికి వచ్చాక

క్రోమ్ ఎలా తుడవాలి? చింతపండుతో రుద్దొచ్చా?

వద్దు. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి ఇత్తడి బిందెలకు బాగుంటాయి. క్రోమ్, ఇత్తడి కలిసి ఉన్న ఇటాలియన్ సామానులో ఇత్తడి మీద తరచుగా లక్క పూత ఉంటుంది. పులుపుతో రుద్దితే అది అక్కడక్కడా లేచిపోయి మచ్చలు పడుతుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ దగ్గరికి కూడా రానివ్వకండి, అది క్రోమ్ పొరనే కరిగించేస్తుంది.

గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ, వెంటనే పొడి గుడ్డ. బోరు నీళ్లు ఆరిపోతే తెల్ల మచ్చలు మిగులుతాయి కాబట్టి పొడి గుడ్డ మాత్రం మానొద్దు. పైపై తుప్పు చుక్కలకు అల్యూమినియం ఫాయిల్ ముక్కను ఉండలా నలిపి, నీళ్లలో ముంచి తేలిగ్గా రుద్దండి. తర్వాత కారుకు వాడే మైనం పలుచగా పట్టించండి. స్టీలు పీచు వాడకండి.

మాది విశాఖ, సముద్రం దగ్గర ఇల్లు. క్రోమ్ నిలుస్తుందా?

బాల్కనీలో నిలవదు. గాలిలో ఉప్పు క్రోమ్ పొరలోని కంటికి కనబడని రంధ్రాల గుండా దిగి కింది ఉక్కును తింటుంది. గది లోపల, కిటికీకి దూరంగా పెట్టి వారానికోసారి తుడిచి, రెండు మూడు నెలలకోసారి మైనం పట్టిస్తే చాలాకాలం ఉంటుంది. గొట్టాల చివర ప్లాస్టిక్ బిరడాలు ఊడిపోయి ఉంటే ముందు అవి వేయించండి. తుప్పు లోపలి నుంచి మొదలయ్యేది అక్కడే.

చిన్నపిల్లలున్న ఇంట్లో పాత గాజు టేబుల్ ప్రమాదం కాదా?

ప్రమాదమే, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఆ కాలం టేబుల్ గాజు చాలావరకు టఫెన్డ్ కాదు. పగిలితే పెద్ద పెద్ద కత్తుల్లాంటి ముక్కలవుతుంది. మూలల్లో చెక్కిన చిన్న ముద్ర కోసం వెతకండి. ముద్ర లేకపోతే మామూలు గాజనే అనుకోండి. గాజు మార్చేసి టఫెన్డ్ వేయించడం అన్నిటికంటే మేలు. అసలు గాజే ఉండాలనుకుంటే అడుగున సేఫ్టీ ఫిల్మ్ అంటించండి, పగిలినా ముక్కలు చాలావరకు దానికే అంటుకుని ఉంటాయి. పాత గాజును అటక మీద దాచుకుని, పిల్లలు పెద్దయ్యాక తిరిగి పెట్టుకోవచ్చు.

క్రోమ్ పూర్తిగా పాడైంది. మళ్లీ ప్లేటింగ్ చేయించొచ్చా?

చేయించొచ్చు. హైదరాబాద్ లాంటి నగరాల్లో బైకు సైలెన్సర్లు, కారు బంపర్లకు క్రోమ్ వేసే షాపులు ఉన్నాయి. అడగాల్సిన మొదటి ప్రశ్న, వాళ్ల తొట్టి ఎంత పెద్దది అని. టేబుల్ చట్రం అందులో పూర్తిగా మునగాలి. రెండోది, పాత పూత తీశాక ఎంత అరగదీస్తారు అన్నది. మోటు చేతుల్లో పడితే పదునైన అంచులు గుండ్రమైపోతాయి, స్క్రూ మరలు పూడిపోతాయి. నికెల్ పొర మందంగా వేయమని చెప్పి, దానికి అదనంగా ఇవ్వడానికి సిద్ధపడండి.

ఈ పనిలో వాడే హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ తెచ్చే రసాయనం. పూత పడిన కుర్చీ మీకేమీ చేయదు. ప్రమాదం తొట్టి దగ్గర నిలబడేవాళ్లకు, ఆ నీళ్లు కలిసే కాలువకు. వాడిన నీళ్లను శుద్ధి చేసే ఏర్పాటు, పనివాళ్లకు చేతి తొడుగులు, పొగ లాగే ఫ్యాన్లు ఉన్న చోటికే ఇవ్వండి. కాస్త ఎక్కువ అడుగుతారు. పేరున్న డిజైనర్ వస్తువైతే అసలు ప్లేటింగ్ జోలికి వెళ్లకండి. కొనేవాళ్లు కొత్త మెరుపు కంటే మచ్చలున్న పాత పూతకే ఎక్కువ ఇస్తారు.